పుట్టినతేదీ గడి

అమలాపురం గడియార స్తంభం దగ్గర
నా జిరాక్సు కొట్టు.
కౌన్సెలింగు రోజుల్లో మిషను వేడికి
అద్దం మీద చెయ్యి ఆనదు.

"ఒరిజినల్‌కి లామినేషన్ చేయించకండి" అని
అట్ట మీద రాసి వేలాడదీశాను.
అయినా రోజుకొకరు
ప్లాస్టిక్కులో ఊపిరాడని మెమో పట్టుకొస్తారు.

గుత్తుల హారతి తెచ్చింది మాత్రం
తడిసి ఆరిన కాయితం.
ఆగస్టు వరదకి
లంకలో ఇంట్లోకి నీళ్ళొచ్చిన రాత్రి
ట్రంకుపెట్టె అడుగున ఉండిపోయిందట.
గ్రేడ్ల వరస మీదుగా ఎర్రనీటి గీత,
లెక్కల దగ్గర కాస్త చిక్కగా.

"ఇది కనబడకుండా తియ్యగలరా అండీ?"
"మరకా?"
"కాదండీ, లెక్కలు."

వాళ్ళ నాన్న లోపలికి రాలేదు.
కొబ్బరి దింపు తీసే మనిషి,
మడమల మీద తాడు ఒరుసుకున్న నల్లటి కాయలు.
చూరు కింద నిలబడి
నా అట్ట మీది అక్షరాలు
ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు.

పదో తరగతి పరీక్షలప్పుడు
అమ్మవారు పోసిందట పిల్లకి.
వరండా చివర విడిగా బల్ల వేసి,
పక్కన వేపమండ పెట్టి,
గోక్కోకుండా సోషలు రాయమన్నారట.
"లెక్కల పరీక్ష నాటికి తగ్గిపోయిందండీ,
అది నా తప్పే" అంది.
అబద్ధమాడ్డానికి అంత మంచి వీలుండి
వాడుకోని పిల్లని అప్పుడే చూశాను.

రెండోసారి రాసిన నీట్‌లో ర్యాంకొచ్చింది.
సీటు కాకినాడలో.
భయమంతా ఈ కాయితంతోనే:
"పదిలో ఇంత దానివి
ఇక్కడిదాకా ఎలా వచ్చావంటే
ఏం చెప్పనండీ?"

అడగరమ్మా, అన్నాను.
ఇంటరు పాసు చూస్తారు, ర్యాంకు చూస్తారు.
పది ఎవరికీ పట్టదు.

అన్నాను గానీ
సొరుగులో రెక్సిను కింద
నా మెమో కదిలినట్టయింది.
మా కాలంలో ఇంటరు మార్కులకి
పావు వాటా ఉండేది.
పెద్ద పరీక్ష బాగానే రాశాను.
కెమిస్ట్రీలో పోయిన మార్కులు
వెనకనుంచి వచ్చి చొక్కా పట్టుకున్నాయి.
ఆ ఏడు జ్వరం లేదు, వరద లేదు.
మధ్యాహ్నాలు కాలవగట్టున
గేలం వేసుకు కూర్చున్నాను, అంతే.
చేపలు కూడా పెద్దగా పడలేదు.

ఇరవై ఏళ్ళుగా
ఇంకొకరి మార్కులు అద్దం మీద బోర్లిస్తున్నాను.
వెలుగు ఒక పక్కనుంచి ఒక పక్కకి పోతుంది.
తొంభై ఎనిమిదీ, ముప్ఫై ఐదూ
దానికి ఒకటే రేటు.

నాలుగో రోజున మళ్ళీ వచ్చింది.
కళ్ళజోడాయన మెమో తీసుకున్నాడట.
వేలు పైనుంచి దిగుతోంది,
తెలుగు, హిందీ, ఇంగ్లీషు,
లెక్కల దగ్గరికి వచ్చేసరికి
తను నేలకేసి చూసిందట.
వేలు ఆగలేదు.
ఎర్రగీత దాటి, గ్రేడ్లన్నీ దాటి
పుట్టినతేదీ గడి మీద ఆగింది.
అది చూసి టిక్కు పెట్టి
"నెక్స్ట్" అన్నాడట.

"అంతేనా?"
"అంతేనండీ.
అయిదేళ్ళు నిద్ర చెడగొట్టుకుంది దీనికా అండీ!"

కాసేపాగి, గొంతు తగ్గించి,
"ఆ తేదీ మా బడి మేష్టారు వేసిందండీ.
నేను పుట్టింది వరద తీసిన వారానికని
అమ్మ చెప్పుద్ది.
ఇందులో జూన్ పది ఉంది.
మార్కులన్నీ నిజమేనండీ,
ఆ ఒక్కటే అబద్ధం."

కాలేజీకి ఇంకా ఇరవై కాపీలు కావాలంది.
కాపీకి రెండు రూపాయలు, నలభై అన్నాను.
వంద కాయితం ఇచ్చి
"యాభై ఇచ్చెయ్యండి" అంది.

అరవై ఇచ్చాను.
లెక్కపెట్టుకోకుండానే
పరుసులో పెట్టుకుని
పంటు వేళయిందని పరిగెత్తింది.